గాలిబావి మీద మూత

నా పని గాలి తీయడం. అపార్థం చేసుకోకండి. పెద్దమనుషుల గాలి తీసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకి చప్పట్లు కొడతారు. నేను తీసేది వంటింటి గాలి, స్నానాలగది గాలి, ఇంకా చెప్పుకోలేని గదుల గాలి. దొంగల్లాగే గోడకి కన్నం వేస్తాను, కాకపోతే పగటిపూట, ఇంటివాళ్ల ఎదురుగా. ఆ కన్నంలో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే. "గాలికి తిరిగే వెధవ" అని మా నాన్న తిట్టిన తిట్టే చివరికి నా షాపు బోర్డు అయింది. బజారంతా నన్ను గాలిమేస్త్రీ అనే పిలుస్తుంది.

పని అయ్యాక నేను చేసే పరీక్ష ఒకటుంది. జేబులోంచి పల్చటి కాగితం పట్టీ తీసి ఫ్యాను ముందు పట్టుకుంటాను. కాగితం ఫ్యాను వైపు వంగిందా, గాలి బయటికి పోతున్నట్టు. ఇంటివాళ్లు కూడా చూసి "భలే" అంటారు. అంతే, పని పూర్తి. బయటికి అంటే ఎక్కడికి అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా పని గోడకి ఇటువైపు.

మా అక్కా బావా ఉండే అపార్ట్‌మెంటు ఐదంతస్తులు. కింద ఒకవైపు దుకాణాలు, పైన అంతస్తుకి రెండేసి ఇళ్లు. మధ్యలో నేల నుంచి డాబా దాకా నిలువుగా ఒక ఖాళీ. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. అందరి వంటిళ్ల కిటికీలూ, స్నానాలగదుల కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. బిల్డరు ప్లానులో దానికి ఏదో గౌరవమైన పేరుండే ఉంటుంది. అక్కడి జనం మాత్రం గాలిబావి అంటారు. మామూలు బావిలో పైనుంచి కిందికి చేద దిగుతుంది, ఈ బావిలో కిందినుంచి పైకి వాసన ఎక్కుతుంది. రెండో అంతస్తులో ఎవరి కూర మాడిందో ఐదో అంతస్తులో మా అక్క చెప్పేసేది.

"మీ ఇంట్లో బావి ఉంది, బావా ఉన్నాడు. రెండింట్లోనూ గాలే," అనేవాణ్ని నేను. "తేడా ఒకటే. బావిలో గాలి పైకి పోతుంది. బావలో గాలి ఎటూ పోదు."

"ఒరేయ్, నీ జోకులో రెండు తప్పులున్నాయి," అనేవాడు బావ, పేపర్లోంచి తల ఎత్తకుండా. "ఒకటి జోకు. రెండోది నువ్వు."

బావ ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాడు. అచ్చుతప్పు కనిపిస్తే అన్నం సయించదు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో ఎర్రపెన్ను ఉండాల్సిందే. పెళ్లి శుభలేఖ ఇచ్చినా తప్పులు దిద్ది, కవరు వెనక్కిచ్చేస్తాడు. "మా బావకి అచ్చులొక్కటే కాదు, హల్లులూ తప్పే," అని నేనంటే అక్క పొట్ట పట్టుకుని నవ్వేది.

అక్క సంగతి చెప్పాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. చెవిలో హెడ్‌ఫోను పెట్టుకుని, ముందున్న బోర్డులో ఎవరి తీగ ఎవరికి గుచ్చాలో చూడకుండానే గుచ్చేది. ఊళ్లో సగం నంబర్లు కంఠతా వచ్చు. ఆ ఫోన్లు పోయి ఏళ్లయినా, అడిగితే ఇప్పటికీ పాత మందులషాపు నంబరు, మూతపడిపోయిన సినిమాహాలు నంబరు గడగడా చెప్పేది. పిల్లలు లేరు. నేను చంటివాడిగా ఉన్నప్పుడే అమ్మ పోయింది కాబట్టి అక్కకి పిల్లాణ్నీ నేనే, పిల్లిమొగ్గలు వేసే కోతినీ నేనే. నేను చెప్పే ప్రతి చెత్త జోకుకీ నవ్వే మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే.

గాలిబావిలో పావురాలు చేరాయి. పైపుల మీద గూళ్లు, కిటికీ గట్ల మీద రెట్టలు. అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి ఒకాయన ఉన్నాడు, కార్యం ఉండదు, దర్శనం మాత్రం పూటపూటా ఇస్తాడు. ఆయన నన్ను డాబా మీదికి తీసుకెళ్లి చూపించాడు.

"చూశావా మేస్త్రీ, పావురాలు!"

"పావు రాలితే సర్దుకోవచ్చు సార్. ఇక్కడ ముప్పావు రాలింది."

ఆయన నవ్వలేదు. "మూసెయ్," అన్నాడు.

డాబా మీద ఆ నోటికి ఇనుప చట్రం వేసి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు బిగించాను. వెలుతురు వస్తుంది, వాన రాదు, పిట్ట రాదు. చుట్టూ జానెడు సందు మాత్రం వదిలాను. గాలి ఆడాలి కదా అని. నాకు ఆ మాత్రం తెలుసు. వానాకాలంలో ఆ సందులోంచి జల్లు కొట్టింది, పావురం ఒకటి దూరింది, కార్యదర్శి మళ్లీ దర్శనమిచ్చాడు. "ఆ సందు కూడా పూడ్చెయ్ మేస్త్రీ." పూడ్చేశాను. నాలుగు వైపులా లప్పం పెట్టి, వేలితో నున్నగా రుద్ది మరీ పూడ్చాను. నా పనిలో వంక పెట్టడానికి ఉండదు.

ఏడాది తర్వాత కింద దుకాణంలో లాండ్రీ పెట్టారు. పెట్టినావిడని అందరూ లాండ్రీ పిన్ని అంటారు. వెనక గదిలో మధ్యాహ్నం దాకా మండే గ్యాసుపొయ్యి మీద పెద్ద బాయిలరు, పక్కన తడిబట్టలు ఆరేసే తీగలు, ముందుగదిలో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఇస్త్రీ చేస్తూ ఉంటారు. స్త్రీలు ముగ్గురు, ఇస్త్రీపెట్టెలు నాలుగు. ఆ వేడికీ ఆవిరికీ ఒకమ్మాయి రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. పిన్ని నా షాపుకొచ్చి బతిమాలింది.

"ఆ ఉక్కపోతకి మందు నువ్వే వెయ్యాలిరా బాబూ."

పద్దెనిమిది అంగుళాల పెద్ద ఫ్యాను వేశాను, బాయిలరుకి సరిగ్గా పైన. వీధివైపు గోడకి బోర్డు ఉంది, అక్కడ కన్నం కుదరదు. వెనకవైపు కుదిరింది. వెనకవైపు అంటే గాలిబావి. కాగితం పట్టీ పెట్టాను. ఫ్యాను దాన్ని నా వేళ్లలోంచి లాక్కుని మింగేసింది. ముగ్గురు ఆడవాళ్లూ చప్పట్లు కొట్టారు. నేను వంగి దణ్ణం పెట్టాను.

పైన మూత వేసింది నేను, కింద పొగ ఎక్కించింది నేను. రెండు పనుల మధ్య ఒక ఏడాది. ఒకటి సంఘం పని, ఒకటి పిన్ని పని. నా బుర్రలో ఆ రెండూ వేరువేరు ఊళ్లలో ఉన్నాయి.

ఆ చలికాలం అక్కకి తలనొప్పి మొదలైంది.

పొద్దున్నే లేచి వంట మొదలుపెట్టగానే కణతలు పట్టేస్తున్నాయంది. వీధిలో రోడ్డు తవ్వుతున్నారు, ముందుగది కిటికీలు తెరిస్తే మంచాల మీద దుమ్ము వేలిమందం పేరుకుంటోంది. "అయితే వీధివైపు మూసెయ్. వంటింటి కిటికీ, స్నానాలగది కిటికీ తెరిచిపెట్టుకో. అటు దుమ్ము లేదు," అని సలహా ఇచ్చాను. గాలిమేస్త్రీ సలహా. అక్క అక్షరాలా పాటించింది.

తలనొప్పి తర్వాత వికారం. వికారం తర్వాత మరపు. పొయ్యి మీద గిన్నె పెట్టి అందులో పాలు పోయడం మర్చిపోయింది. టీలో ఉప్పు వేసింది. ఎదురింటివాళ్ల తాళం తమ తాళం అనుకుని అరగంట తిప్పుతూ నిలబడింది. వాళ్లు ఏడాదిగా వేరే దేశంలో ఉన్నారు, ఇల్లు ఖాళీ. కింది అంతస్తు రెండిళ్లవాళ్లూ ఏడింటికే ఉద్యోగాలకి పోతారు. పగలు ఆ పై రెండంతస్తుల్లో మిగిలేది అక్క ఒక్కతే. బావ టిఫిను తిని రీడింగ్‌రూముకి పోయి మధ్యాహ్నం పన్నెండింటికి వస్తాడు.

డాక్టరు చూసి వయసు అన్నాడు. మెట్ల దగ్గర కలిసిన ముసలావిడ గాలి సోకిందేమో అంది. "గాలి సోకితే గాలిమేస్త్రీకి సోకాలి గానీ మా అక్కకెందుకు సోకుతుందమ్మా," అన్నాను. నా జోకు నాకే బాగుందనిపించింది.

పది రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాను. మూడోరోజుకే తలనొప్పి పోయింది. నా భార్యకి పాత సినిమాహాలు నంబరు చెప్పి, ఆ హాలు మేనేజరు గొంతు కూడా అనుకరించి చూపించింది. మేము పడీపడీ నవ్వాం. తిరిగి ఇంటికి వెళ్లిన రెండో రోజుకి మళ్లీ మొదలు.

బావ మనసు విరిగింది. "అంటే నా దగ్గరే జబ్బన్నమాట. మంగళవారం నువ్వొస్తావు, ఆ రోజు మహారాణిలా ఉంటుంది. నువ్వు మెట్లు దిగగానే టీలో ఉప్పు."

మంగళవారం మా బజారుకి సెలవు. అందుకే నేను మంగళవారమే వెళ్లేవాణ్ని.

"నటిస్తున్నానా నేను?" అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. ఎక్స్ఛేంజిలో ఎవరెంత తిట్టినా వాడిన గొంతే అది. "ఏవండీ, నలభై ఏళ్లలో నేను ఎప్పుడన్నా నటించానా?"

బావ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భయపడ్డ మనిషి అలాగే చేస్తాడని నాకు అప్పుడు తెలియలేదు. మతి తప్పినవాళ్లని చూసుకునే ఆశ్రమం ఒకటి కనుక్కున్నాడు. ఫారం తెచ్చాడు. ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "పుట్టింటివాళ్ల సంతకం కావాలట. రా."

వెళ్లాను. అక్క వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. ముందు ఉల్లిపాయలు, చేతిలో చాకు, కొయ్యడం మాత్రం లేదు. మొహం ఎర్రగా, చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంది. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకుంది.

"ఇవాళ మంగళవారమా?"

"కాదక్కా, గురువారం."

"ఒరేయ్," అంది, నా చెయ్యి పట్టుకుని, బావకి వినపడకుండా. "నాకు మతి పోవట్లేదురా. ఒట్టు. ఇక్కడ కూర్చుంటే ఎవరో తలకి తడిదుప్పటి చుడుతున్నట్టు ఉంటుంది. నన్ను అక్కడికి పంపనివ్వకు. అక్కడ పెడితే నిజంగానే పోతుంది."

"నీ తల ఎక్కడికీ పోదు, నేను తలచుకుంటే తప్ప," అన్నాను. ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. కుదరలేదు.

ముందుగదిలో బావ నా చేతిలో నాలుగు కాగితాలు పెట్టాడు. ఆశ్రమం డాక్టరుకి చూపించడానికట. రెండు నెలలుగా అక్క చేసిన ప్రతి తప్పూ ఎర్రసిరాతో, తేదీ వేసి, వారం వేసి రాశాడు. సోమవారం, పాలు. బుధవారం, తాళం. గురువారం, ఉప్పు. శుక్రవారం, నన్ను "ఎవరు కావాలండీ" అంది. శనివారం. ఆదివారం. సోమవారం. బుధవారం.

ఎనిమిది వారాలు. ఒక్క మంగళవారం లేదు.

"నువ్వొస్తావుగా," అన్నాడు బావ.

నేనొస్తాను. నిజమే. కానీ మంగళవారం బజారుకి సెలవు. అక్కావాళ్ల కింద లాండ్రీ కూడా ఆ బజారుదే, దానికీ సెలవు.

కాళ్లు వాటంతటవే స్నానాలగదిలోకి వెళ్లాయి. కిటికీ బార్లా తెరిచి ఉంది, నేను చెప్పినట్టే. జేబులోంచి కాగితం పట్టీ తీసి కిటికీ ముందు పట్టుకున్నాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఫ్యాను లేని చోట పట్టుకున్నాను. కాగితం బయటికి పోలేదు. నా మొహం వైపు వంగి, అలాగే నిలబడింది. వెచ్చటి తడిగాలి, సబ్బు వాసన. తల బయటికి పెట్టి కిందికి చూశాను. అయిదంతస్తుల అడుగున నా పద్దెనిమిది అంగుళాల ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పైకి చూశాను. చేతికందేంత ఎత్తులో నా రేకు. లోపలివైపు చెమట పట్టి, చినుకులు చినుకులుగా కారుతోంది. అంచుల్లో నేను రుద్దిన లప్పం ఎక్కడా బీట వారలేదు.

గ్యాసు సరిగా మండకపోతే పుట్టే విషవాయువు సంగతి మా వృత్తిలో ఎవరికి తెలియదు? రంగుండదు, వాసనుండదు. వేడితో పాటు పైకి ఎక్కుతుంది. ఎక్కడ మూత ఉంటే అక్కడ నిండుతుంది.

ఇక్కడ నేను చేయాల్సింది ఒకటే. "బావా, అక్కకేం లేదు, తప్పు నాది, ఇద్దరూ చెప్పులేసుకుని నాతో రండి," అనాలి. ఎన్ని మాటలు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నోరు మూసుకోవడం చేతకాని నా నోరు ఆ రోజు మూసుకుంది. బావ మొహం కనిపించింది. జేబులో ఎర్రపెన్ను కనిపించింది. సంఘం మీటింగు కనిపించింది, బజారు కనిపించింది, నా షాపు బోర్డు కనిపించింది. డాబా తాళం కార్యదర్శి దగ్గరుంది, ఆయన ఆదివారం దాకా ఊళ్లో లేడు. ఆదివారం తాళం అడిగి, నిచ్చెన వేసుకుని, పావురాల వంకతో చుట్టూ ఆ సందు మళ్లీ తెరిచేస్తే సరి. ఎవరికీ తెలియదు. అక్కకి నయమవుతుంది. బావ ఎర్రసిరా ఎండిపోతుంది. నేను మళ్లీ మంగళవారం వచ్చి జోకులు చెప్తాను.

"సోమవారం దాకా ఆగు బావా. సోమవారం సంతకం పెడతాను," అన్నాను.

స్నానాలగది కిటికీ మూసి, వంటింట్లోకి వెళ్లి ఆ కిటికీ కూడా నేనే మూశాను. వీధివైపువి తెరిచాను. "అక్కా, ఇవి తెరవకు. అవి మూయకు. గుర్తుంటుందా?"

"ఇవి తెరవను, అవి మూయను," అంది, నంబరు రాసుకున్నట్టు.

గుర్తుండటం లేదనే కదా ఆ ఇంట్లో గొడవంతా. గుర్తుంటుందా అని ఆవిడనే అడిగాను నేను.

కిందికి దిగి లాండ్రీ ముందు ఆగాను. ఫ్యాను రెండు రోజులు ఆపమని చెబుదామనే ఆగాను. పిన్ని నన్ను చూసి లోపలికి లాగి టీ ఇచ్చింది. "అమ్మాయిలూ, ఈయనేనే మన ఊపిరి. ఈయన ఫ్యాను వేశాక ఒక్కరు పడిపోలేదు." ఇస్త్రీ చేసే ముగ్గురూ తలెత్తి నవ్వారు. పొగడ్తలో పొగ ఉందని నేనే ఎన్నోసార్లు జోకులేశాను. ఆ పొగ పీల్చి, టీ తాగి, "పని ఎలా ఉందో చూద్దామని వచ్చాను పిన్నీ," అని వచ్చేశాను.

శుక్రవారం ఫోన్ చేశాను. బావ ఎత్తాడు. బాగానే ఉందన్నాడు.

శనివారం పొద్దున చలి ఎక్కువగా ఉంది. గాలి కదలడం లేదు. లాండ్రీకి ఏదో హోటలు దుప్పట్లు వచ్చాయట, బాయిలరు తెల్లవారుజాము నుంచి మండుతోంది. రోడ్డు తవ్వేవాళ్లు వీధివైపు మళ్లీ దుమ్ము లేపారు. అక్క ఆ కిటికీలు మూసేసింది. వంటింట్లో ఆవిరి కమ్మితే గాలిబావి వైపు కిటికీలు తెరిచింది. రెండు నెలల క్రితం గాలిమేస్త్రీ చెప్పింది గుర్తుంది, మొన్న చెప్పింది గుర్తు లేదు. పన్నెండింటికి బావ వచ్చేసరికి స్నానాలగదిలో నేల మీద, కిటికీ కింద పడి ఉంది.

ఆసుపత్రిలో మాస్కు పెట్టారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఇంట్లో గ్యాసు హీటరుందా? బొగ్గుల కుంపటి?" అని అడిగింది. రక్తంలో ఆ విషం ఎక్కువగా ఉందంది.

"ఏమీ లేదమ్మా. మాది కరెంటు పొయ్యి," అన్నాడు బావ. ఆయన చేతులు గాల్లో ఏదో దిద్దుతున్నట్టు ఆడుతున్నాయి.

నేను బెంచీ మీద కూర్చున్నాను. నా బుర్ర ఎలాంటిదో చెప్పనా? ఆ బెంచీ మీద కూడా అది మాటలతో ఆడుకోవడం మానలేదు. ఉక్కపోతకి మందు వేశావు, అక్క పోతకి దారి వేశావు. ఉక్కపోత, అక్క పోత. ఉక్కపోత, అక్క పోత. చెవులు మూసుకున్నా లోపలినుంచి వినిపించింది. నలభై ఏళ్లుగా నేను జోకు అనుకుంటూ మోసింది ఒక జబ్బు.

లేచి ఆటో ఎక్కాను. డాబా తాళం సుత్తితో రెండు దెబ్బలకి ఊడింది. గురువారం కూడా రెండు దెబ్బలకే ఊడేది. రేకు విరగ్గొట్టి చట్రం పీకి అవతల పడేశాను. కిందికి పోయి ఫ్యాను ఆపాను. మూత నాదీ ఫ్యాను నాదీ అని ఆ సాయంత్రం బావకీ సంఘానికీ చెప్పాను. అందులో కొత్తేం లేదు, పెట్టినప్పుడు అందరూ చూశారు, పెట్టమన్నవాళ్లూ వాళ్లే. కార్యదర్శి నా భుజం తట్టి, "ఎవరం అనుకుంటాం మేస్త్రీ," అన్నాడు. బావ నా చెయ్యి పట్టుకుని, "నేను దాన్ని నటి అనుకున్నానురా," అని ఏడ్చాడు. గురువారం సంగతి నేను చెప్పలేదు.

రెండో రోజు అక్క కళ్లు తెరిచింది. నర్సు అడక్కుండానే ఎక్స్ఛేంజి నంబరు చెప్పింది. "ఆశ్రమం ఫారం ఏదండీ?" అని బావని అడిగింది. బావ దాన్ని ఆవిడ ముందే చించేశాడు. మూడు వారాలు మా ఇంట్లో బ్రహ్మాండంగా ఉంది. నేను బతికిపోయాననుకున్నాను. నేను అనుకున్నది అక్క గురించి కాదు, నా గురించి. ఆ తేడా అప్పుడే గమనించి ఉండాల్సింది.

నాలుగో వారంలో ఒక పొద్దున అన్నం కంచంలో చెయ్యి పెట్టి, చేతిని ఏం చేయాలో తెలియక చుట్టూ చూసింది. ఈ విషం కొందరిని వదిలినట్టే వదిలి, కొన్ని వారాలకి తిరిగి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కొందరికి తగ్గుతుంది. ఎంత పీల్చారు, ఎన్ని రోజులు పీల్చారు అన్నదాన్ని బట్టి ఉంటుందట. ఎన్ని రోజులు అన్నప్పుడు నేను నేల చూశాను.

వాళ్లు ఇల్లు మారారు. నేలమీద ఇల్లు, మూడు వైపులా కిటికీలు. బావ వంట చేస్తాడు, అక్కకి తల దువ్వుతాడు. లాండ్రీ పిన్ని పొగ పోయే గొట్టం వీధివైపు పెట్టించుకుంది. పెట్టింది నేను కాదు, వేరే మేస్త్రీ. నేను ఇప్పుడు కన్నం వేసేముందు అవతల ఎవరున్నారో చూసి వస్తున్నాను. ఆలస్యం చేస్తున్నానని తిడుతున్నారు.

షాపు వేళలు మార్చి, ఆదివారాలు అక్క దగ్గరికి పోతున్నాను. బావ లోపల పనిలో ఉన్నప్పుడు ఆవిడకి చెప్పాను. గురువారమే నాకు తెలుసు అని, మూడు రోజులు నోరు మూసుకున్నాను అని. అక్క చెంప మీద కొట్టింది. బలంగానే. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, ఇంటికి పోయి పసిపిల్లాడిలా నిద్రపోయాను. మర్నాడు ఫోన్ చేస్తే, "ఏరా, నిన్న రాలేదేం?" అంది.

మళ్లీ ఆదివారం మళ్లీ చెప్పాను. ఈసారి ఏడ్చింది. ఆ తర్వాతి ఆదివారం, "ఎవరికీ చెప్పకు, నీ పని పోతుంది," అంది. ఒకసారి మాటల మధ్యలో నిద్రపోయింది. ప్రతి ఆదివారం నేను పాత తప్పు చెప్తాను, ప్రతి ఆదివారం ఆవిడ కొత్తగా వింటుంది. కొట్టినా, ఏడ్చినా, క్షమించినా సోమవారానికి ఏదీ ఉండదు. నేను మళ్లీ మొదటికి వస్తాను.

మొన్న ఆదివారం ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను చెప్పాను. చెప్పీ చెప్పీ కథలాగా తయారైంది, ఎక్కడ ఆగాలో కూడా తెలిసిపోయింది. అక్క చివరిదాకా విని, "పాపం. ఆవిడకి ఇప్పుడెలా ఉంది?" అంది.

"అలాగే ఉందక్కా. ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండటం లేదు."

"మరి ఆవిడ మొగుడికి చెప్పావా?"

"లేదు."

"అదేంట్రా," అంది, తప్పు నంబరు అడిగినవాడికి ఓపిగ్గా సర్దిచెప్పే గొంతుతో. "గుర్తుండని మనిషికి చెప్పి ఏం లాభం? గుర్తుండే మనిషికి చెప్పు."

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. బావ కొళాయి కింద బియ్యం కడుగుతున్నాడు.

"బావా, ఒక మాట."

"జోకైతే తర్వాత. చేతులు ఖాళీ లేవు."

"జోకు కాదు. నాకు గురువారమే తెలుసు."

బావ కొళాయి కట్టేశాడు. "ఏ గురువారం?" అన్నాడు, ఇటు తిరిగి. తడిచేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు.

నేను మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.